తెరిచిపెట్టేవాడు

జిలానీకి ఆ వారమంతా అన్నం సయించలేదు.

ఫకీర్ అహ్మద్ ఉస్తాద్ దర్గా పక్కనే ఒక పఠనాలయం నడిపేవారు. ఎవరో వాడి పక్కన పెట్టేసిన కంప్యూటర్లు తెచ్చి, వాటిలో ఉచితంగా దొరికే లినక్స్ వేయించి, గోడవారగా పెట్టించారు. వాటి బాగోగులన్నీ ఆయన శిష్యుడు జిలానీయే చూసేవాడు.

కంప్యూటర్ ఆన్ చేస్తే ముందుగా ఒక నీలం తెర వచ్చేది. దానిమీద ఇంగ్లీషులో పేరు కొట్టాలి. తర్వాత పాస్‌వర్డ్ కొట్టాలి. ఒక్క అక్షరం తప్పినా లోపలికి పోనివ్వదు. అక్కడికి వచ్చేవాళ్ళలో చాలామందికి అది చేతనయ్యే పని కాదు.

"జిలానీ, కాస్త తెరిచిపెట్టు నాయనా" అని ఒకరు. "జిలానీ భాయ్, ఇది మళ్ళీ రానంటోంది" అని ఇంకొకరు. పొద్దస్తమానం ఆ గదిలో అతని పేరే వినబడేది. విసుక్కుంటూనే లేచేవాడు. కానీ ఎవరూ పిలవని రోజు ఏదో వెలితిగా ఉండేది.

ఆ తెరను మార్చమని ఉస్తాద్ తస్లీమ్‌కి చెప్పారు.

తస్లీమ్ కొత్త శిష్యురాలు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల. ఇన్నేళ్ళుగా ఉన్న తనను అడక్కుండా ఆమెకెందుకు చెప్పారో జిలానీకి అర్థం కాలేదు. ఆమె మూలన కూర్చుని కీబోర్డు మీద టకటకా కొడుతుంటే ఒళ్ళు మండేది. ఉస్తాద్ ఆమె దగ్గర ఆగి రెండు మాటలు మాట్లాడితే, ఆ మాటలేమిటో వినబడేదాకా అతనికి పని సాగేది కాదు.

కొత్త తెర తయారైంది. ముందుగా కిటికీ పక్క కంప్యూటర్లో పెట్టారు. ఉస్తాద్ జిలానీని పిలిచారు.

"నువ్వు వాడి చూడు. తప్పులుంటే చెప్పు. నీ కంటికి ఆనినట్టు ఇంకెవరికీ ఆనవు."

జిలానీ వెళ్ళి కూర్చున్నాడు. నీలం పోయి లేత ఆకుపచ్చ వచ్చింది. పైన తెలుగులో వారం, సమయం. కింద వరసగా బొమ్మలు, వచ్చేవాళ్ళకు తలా ఒకటి. దర్జీ మస్తాన్ కత్తెర కోరుకున్నాడు. ఒకాయనకు లారీ, ఇంకొకరికి చిలక. బొమ్మ కింద పేరు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉంది. ఎవరి బొమ్మ వాళ్ళు నొక్కి, నాలుగంకెల నంబరు కొడితే చాలు.

బాగుంది. అదే అతనికి మింగుడుపడలేదు.

ముఖం తెరకు దగ్గరగా పెట్టి వెతికాడు. దొరికింది.

"ఇదేంది తస్లీమ్?" గదిలో అందరికీ వినబడేలా అన్నాడు. "శుక్రవారంలో క్రావడి సగానికి తెగిపోయింది. అక్షరమే సరిగ్గా రాని తెర ఎవరికి పెడతావు?"

తస్లీమ్ పరుగున వచ్చి వంగి చూసింది. "అవునన్నా! నేను చూడనే లేదు. నువ్వు చూడకపోతే అట్లనే పోయుండేది" అంది. తన చోటికి వెళ్ళి అప్పటికప్పుడే సరిచేసింది. వచ్చి, "ఇప్పుడు చూడన్నా, ఇంకేమన్నా ఉంటే చెప్పు" అంది. ఆమె ముఖంలో నొచ్చుకున్న జాడే లేదు.

దొరికిన ఒక్క తప్పూ అలా చేజారిపోయింది.

జిలానీ లేవలేదు. ఎలాగైనా ఈ తెర ఎక్కడో ఒకచోట తడబడాలి. తన బొమ్మ నొక్కి, కావాలనే తప్పు నంబర్లు కొట్టాడు. గబగబా కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు. చివరికి తెర మీద ఒక మాట వచ్చింది: 'జిలానీ గారి ఖాతాకు తాళం పడింది. కాసేపాగి రండి.'

అన్నిసార్లు తప్పు కొడితే తాళం పడాలన్న నిబంధన తస్లీమ్ పెట్టింది కాదు. ఎప్పుడో అతను పెట్టిందే. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

అప్పుడే మాబున్ని వచ్చింది. బీడీలు చుట్టే పెద్దామె. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పీర్ల పండగ పాటలు ఆమెకు చాలా వచ్చు. ఆ పాటలు తనతోనే పోకూడదని, రోజూ వచ్చి కంప్యూటర్లో పాడి రికార్డు చేసిపెట్టుకుంటుంది. ఆమెకు బొమ్మా నంబరూ తస్లీమ్ నిన్ననే పెట్టించింది.

ఆమెను చూడగానే జిలానీ ప్రాణం లేచొచ్చింది. కుర్చీ ఖాళీ చేసి, "రా పెద్దమ్మా, నేను తెరిచిపెడతా" అంటూ కీబోర్డు మీదికి వంగబోయాడు.

"జిలానీ, ఇది కాస్త పట్టుకో" అన్నారు ఉస్తాద్.

ఆయన చేతిలో నిండుగా పోసిన టీ గ్లాసు. జిలానీ రెండు చేతులా అందుకున్నాడు. కాలుతోంది. పెట్టడానికి దగ్గరలో బల్ల లేదు. ఉస్తాద్ తీసుకునేలా కూడా లేరు.

మాబున్ని కూర్చుంది. కొంగుతో వేలు తుడుచుకుని చిలక బొమ్మ నొక్కింది. నోట్లో అనుకుంటూ నంబరు కొట్టింది. తప్పు పడింది. జిలానీ ఒక అడుగు వేశాడు. గ్లాసులో టీ తొణికి వేళ్ళ మీద పడింది. ఆగిపోయాడు.

ఆమె మళ్ళీ కొట్టింది. తెర తెరుచుకుంది.

"జిలానీ! చూడు నాయనా! నేనే తెరుచుకున్నా!" మాబున్ని చిన్నపిల్లలా నవ్వింది. "ఇంక నిన్ను సతాయించే పని లేదులే!"

అతను నవ్వబోయాడు. రాలేదు. గ్లాసు పట్టుకుని ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాడు. వారం నుంచీ లోపల కుములుతున్నది బయటికొచ్చింది.

"ఇంక నన్నెవరు పిలుస్తారు ఉస్తాద్?"

ఉస్తాద్ గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగారు.

"ఇన్నేళ్ళూ మాబున్నికి తెరిచిపెట్టావు కదా" అన్నారు. "ఆమె పాట ఎప్పుడైనా విన్నావా?"

జిలానీ అటు తిరిగాడు. తెరిచిపెట్టడమే గుర్తుంది, ఒక్క పాటా గుర్తు లేదు.

కిటికీ దగ్గర మాబున్ని గొంతు సవరించుకుంటోంది. ఆమె కుర్చీ పక్కన, చాప మీద, తస్లీమ్ మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కూర్చుని ఉంది. పాట మొదలైంది.

జిలానీ చప్పుడు కాకుండా వెళ్ళి చాప అంచున కూర్చున్నాడు.

తస్లీమ్ కాస్త జరిగి చోటిచ్చింది.