ఉన్నట్టుండి వచ్చిపడేది

కొండల నడుమ ఒక చిన్న రాజ్యం ఉండేది. అక్కడ రాతితో కట్టిన పెద్ద ధాన్యపు కొఠారు ఒకటి ఉండేది. పంట ఇంటికి చేరిన ప్రతిసారీ జనం తలా కొంత ధాన్యం తెచ్చి అందులో పోసేవాళ్లు. మామూలు రోజుల్లో ఆ గింజలు ఎవరివీ కావు. ఆపద వస్తే అందరివీ.

ఈ ఏర్పాటు తాతల నాటిది. అప్పటి రాజుకీ జనానికీ కుదిరిన ఒడంబడికను రాగిరేకు మీద చెక్కించి కొఠారు తలుపు పక్కన బిగించారు. ఆపద వస్తే తలుపు తెరవాలి. ఆపద అంటే ఉన్నట్టుండి వచ్చిపడేది. అందులో ఉన్నది ఇంతే. చెక్కించిన రోజున ఎవరికీ దానిలో లోటు కనపడలేదు. సాలెవాడ తగలబడినప్పుడు తలుపు తెరిచారు. వాగు పొంగి ఇళ్లు కొట్టుకుపోయినప్పుడూ తెరిచారు.

తర్వాత వానలు తగ్గాయి. ఆగిపోలేదు, తగ్గాయంతే. మొదటి ఏడు జనం గొడ్లను కొండ అవతలికి తోలేశారు. మరుసటి ఏడు విత్తనాలు వండుకున్నారు. ఆ పైన ఆకులూ దుంపలూ ఉడకేసుకుని, అవీ దొరకనప్పుడు కొఠారు ముందుకు వచ్చి నిలబడ్డారు.

కొఠారు అధికారి పేరు సిద్ధరామప్ప. అతని బుగ్గలూ లోపలికి పీక్కుపోయాయి. తాళంచెవి మొలలోనే ఉన్నా ఒక్క గింజ ముట్టుకున్నవాడు కాదు.

"ఇది ఏ రోజున మొదలైంది?" అని అడిగాడు.

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "రోజంటే ఎట్లా చెప్పేది అయ్యా? మెల్లగా వచ్చింది."

"మెల్లగా వచ్చిందని మీరే అంటున్నారు. ఇంక తలుపెట్లా తీసేది?" అతను రాగిరేకు వైపు చెయ్యి చూపించాడు. "రాసినదాన్ని కాదని తీస్తే రాజుగారు నన్నొక్కణ్ణే కాదు, తిన్నవాళ్లందరినీ దొంగలంటారు."

ఆ ఊళ్లోనే ఓబుళమ్మ అనే ఆమె ఉండేది. ఆమె కూతురు చెన్నక్క తన మొగుడు పోయాక ఇద్దరు పిల్లలతో తల్లి దగ్గరికే వచ్చేసింది. గంజి కాచి అందరి ముంతల్లో పోసేది ఓబుళమ్మే. నీకెక్కడే అని కూతురు అడిగితే, "కాస్తూ కాస్తూ రుచి చూశాను, దాంతోటే నిండిపోయింది" అనేది. చెన్నక్కకు తెలుసు. ఒకసారి తన ముంతను బలవంతంగా తల్లి నోటి దగ్గర పెట్టింది. ఓబుళమ్మ పెదవులు బిగించుకుని పిల్లల వైపు చూసింది. చెన్నక్క ఆ గంజి పిల్లలకే పోసింది.

ఒకరోజు తెల్లవారి ఓబుళమ్మ లేవలేదు.

కబురు విని సిద్ధరామప్ప ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని వచ్చాడు. ఊరంతా కంచె అవతల నిలబడింది. అతను శవానికి ఎదురుగా కూర్చుని గొంతు తగ్గించి చెప్పాడు.

"చెన్నక్కా, మనిషి ఉన్నట్టుండి పోతే ఊళ్లో ఏదో మాయరోగం చొరబడిందని రాయొచ్చు. అది ఆపదే అవుతుంది. తలుపు తియ్యొచ్చు. కానీ ఉన్నట్టుండి పోయి ఉండాలి. ఆలోచించుకుని చెప్పమ్మా."

చెన్నక్క తల్లిని చూసింది. ముంజేతి కడియం మోచేయి దాకా జారిపోయి ఉంది. ఆ చేతి మీదికి చీర కొంగు లాగి కప్పింది.

"నిన్న బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"తిన్నదా?"

"తిన్నది."

"ఏం తిన్నది?"

చెన్నక్క "జొన్నరొట్టె" అంది. తర్వాత ఎవరూ అడగకుండానే, "రెండు తిన్నది. పప్పు వేసుకుంది. గుత్తివంకాయ కూర కూడా. మా అమ్మకు అదంటే ఇష్టం" అంది.

సాక్షులు తల దించుకున్నారు.

"చాలమ్మా" అన్నాడు సిద్ధరామప్ప.

"చాల్లేదు, రాసుకోండి. అన్నం కూడా తిన్నది. నెయ్యి నేనే వేశాను. ఇంకొంచెం వెయ్యనా అంటే వెయ్యమంది. పెరుగు కలుపుకుంది. చెయ్యి కడుక్కుని, 'ఇంక చాలు తల్లీ, కడుపు నిండింది' అంది."

కంచె అవతల ఒక ముసలామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సిద్ధరామప్ప అంతా రాసుకున్నాడు. చెన్నక్క వేలిముద్ర వేసింది.

పొద్దెక్కకముందే కొఠారు తలుపు తెరిచారు. ఓబుళమ్మను మోయడానికి మనుషులు ఆలస్యంగా దొరికారు. అందరూ కొఠారు దగ్గరే ఉన్నారు మరి.

ఊరు బతికింది. వానలూ మళ్లీ పడ్డాయి. పంట చేతికొచ్చాక జనం ఒక మాట అనుకుని, చెన్నక్కనూ సిద్ధరామప్పనూ తీసుకుని రాజు దగ్గరికి వెళ్లారు. మెల్లగా వచ్చేది కూడా ఆపదేనని రాగిరేకు మీద చేర్పించమని వేడుకున్నారు.

రాజు చెడ్డవాడు కాదు. ఓపిగ్గా విన్నాడు. కొఠారు ఎందుకు తెరిచారో చెప్పే వాంగ్మూలం తెప్పించి చదివించుకున్నాడు.

"కరువు వచ్చిందంటున్నారు. ఒక పేదింట్లో నెయ్యీ పెరుగూ ఉన్నాయని ఇందులో ఉంది. ఇది అబద్ధమైతే ఇప్పుడే చెప్పండి. అప్పుడు తిన్నవాళ్లంతా దొంగలు, తాళం తీసినవాడికి శిక్ష. నిజమైతే అసలు కరువే లేదు, రాగిరేకు మీది మాట మార్చాల్సిన పనీ లేదు."

సిద్ధరామప్ప కళ్లు మూసుకున్నాడు. కొందరు ఆడవాళ్లు చంకల్లో ఉన్న పిల్లలను దగ్గరికి పొదువుకున్నారు. ఆ పిల్లల చేతులు ఇప్పుడిప్పుడే కండపడుతున్నాయి.

"నువ్వు చెప్పమ్మా" అన్నాడు రాజు చెన్నక్కతో. "మీ అమ్మ ఎట్లా పోయింది?"

చెన్నక్క ఆ పిల్లలను చూసింది.

"కడుపునిండా తిని పోయింది దొరా."

"అదృష్టవంతురాలు" అన్నాడు రాజు.

రాగిరేకు అట్లాగే ఉండిపోయింది. తిరుగుదారిలో చెన్నక్క ముందు నడిచింది. ఆమె పక్కన నడవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.