ఊకొట్టే తల్లి తల వంచిన కథ

నల్లమల అంచున దొనగుట్ట మీద వెలసిన ఊకొట్టే తల్లికి గోపురం లేదు, గుడికి తలుపులూ లేవు. బండ మీద నిలువెత్తు రాతి రూపం ఉంటుంది. దాని తల ఎడమ భుజం మీదికి ఒరిగి ఉంటుంది. అది శిల్పి పొరపాటని కొందరు పండితులు తేల్చేశారు. ఈ తల్లిని చెక్కిన శిల్పి ఎవరూ లేరు గనుక ఆ మాటను పట్టించుకోనక్కరలేదు.

పూర్వం ఈ గుట్ట కింద గొర్రెల కాపరుల పల్లె ఉండేది. అక్కడ ఎర్రన్న, అంకమ్మ దంపతులకు లేకలేక పుట్టిన బిడ్డ గంగి. రోజూ పొద్దువాలాక అంకమ్మ కథ చెప్పేది, మాటమాటకూ గంగి ఊ కొట్టేది. ముద్దుముద్దుగా పెరుగుతున్న ఆ పిల్ల విషజ్వరంతో కన్నుమూసింది.

పల్లెవారు మంచివారే. పేరు వింటే తల్లి గుండె పగులుతుందని, గంగి ఊసు ఎవరూ ఎత్తకూడదని కట్టడి చేసుకున్నారు. ఎర్రన్న బిడ్డ బట్టలు కూడా దాచేశాడు. మేలు చేయబోయి పెట్టుకున్న ఆ కట్టడే అంకమ్మకు ఉరి అయింది. ఆమె మాట మానేసింది, ఆపై ముద్ద మానేసింది. భార్య దక్కదని ఎర్రన్నకు అర్థమైంది గానీ ఏం చేయాలో తోచలేదు.

ఒకనాడు అంకమ్మ తూలుకుంటూ గుట్టెక్కి ఈ రాతి ముందు కూలబడింది. "మా గంగి ఉండె గదా..." అని మొదలుపెట్టి, అలవాటుకొద్దీ ఆగింది.

"ఊ" అంది రాయి.

నాటి నుంచి ఆమె రోజూ వచ్చి బిడ్డ ముచ్చట్లు చెప్పేది. ఆమె గొంతు సన్నగిల్లేకొద్దీ, మాట వినబడడానికి అమ్మవారు తల కొద్దికొద్దిగా వంచుతూ వచ్చారట. ఎంత కరుణ! అయినా ఆమెకు ముద్ద మాత్రం దిగలేదు.

అప్పుడు అమ్మవారు ఎర్రన్న కలలో కనిపించి, "నీ ఆలికి తెలిసిన బిడ్డ సగమే. మిగతా సగం నీ దగ్గరుంది. దాచిపెట్టి ఈమెను కూడా పోగొట్టుకుంటావా?" అని అడిగారు.

తెల్లవారగానే ఎర్రన్న గుట్టెక్కి భార్య పక్కన కూర్చున్నాడు.

"మంద కాడ గంగి ఏం జేసేదో నీకు దెల్వదు గదా. కుంటి గొర్రెపిల్లను సంకనేసుకొని, 'నాయనా, దీనికి నేనే అమ్మను' అనేది" అన్నాడు. బిడ్డ పోయాక మొదటిసారి బావురుమన్నాడు.

ఈసారి రాయి పలకలేదు. "ఊ" అంది అంకమ్మ. "ఇంకా జెప్పు."

పొద్దు గుంకేదాకా చెప్పాడు. గుట్ట దిగేటప్పుడు ఆమె, "ఆకలైతాంది" అంది.

నేటికీ ఇక్కడ అర్చకులు గోత్రం కన్నా ముందు పోయినవారి పేరు అడుగుతారు. ఒకరు చెబుతారు, పక్కవారు ఊ కొడతారు. ఓదార్పు మాటలకు ఇక్కడ చోటు లేదు. ఎంతటివారైనా సరే, "అంతా కర్మ" అని అందుకుంటే మర్యాదగా లేపి పంపేస్తారు. ఒంటరిగా వచ్చినవారి పక్కన ఆ పల్లెవారి సంతతిలో ఒకరు వచ్చి కూర్చుంటారు. చెప్పడం ముగిశాక సజ్జసంకటి, పాలు ప్రసాదంగా పెడతారు.

దుఃఖం తీరిపోతుందని ఈ క్షేత్రం ఎవరికీ మాట ఇవ్వదు. ఈ తల్లిని నమ్మి వెళ్లినవారి ఇంట్లో మాత్రం పోయినవారి పేరు మళ్లీ నోరారా పలుకుతారు. అంతకు మించిన వరం ఇక్కడ ఇంతవరకూ ఎవరూ కోరలేదు.