గవరయ్య నొక్కి పట్టుకున్న ఫోను

2019 నవంబరు పన్నెండు, మంగళవారం. పొద్దున మంచు దట్టంగా పట్టింది, పదింటికల్లా ఎండ చుర్రుమంది. గుమ్మలూరు బెల్లం వండేవాళ్ళకి ఇలాంటి రోజులంటే మహా చిరాకు. ఆ సంగతి ఇప్పుడెందుకు గానీ, ఆ ఊళ్ళో సూరప్పడి ఇల్లు తెలివికి పేరుపడింది. పేరు పెట్టుకున్నది వాళ్ళే.

ఇంట్లో సూరప్పడు, భార్య పైడమ్మ, తమ్ముడు గవరయ్య. "ఊళ్ళో జనం చెప్పిందానికి సొంత ఆలోచన కలుపుతారు, అందుకే చెడిపోతున్నారు. మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అనేవాడు సూరప్పడు.

వాళ్ళ నాన్న పోయేముందు ఎవరికేం చెందాలో ఫోనులో వీడియో తీసి పెట్టాడు. ఆయన పోయాక ఫోనూ మొండికేసింది. కంపెనీ బొమ్మ వస్తుంది, ఆరిపోతుంది, అంతే. గవరయ్యకి బెంగ పట్టుకుంది. అతనికి కావలసింది నాన్న తిప్పిన చెరుకు గానుగ ఒక్కటే.

ఫోన్లు బాగుచేసే మస్తాను తన కంప్యూటరు తెచ్చి బల్లమీద పెట్టి, వైరుతో ఫోనుకి తగిలించాడు.

"ఇందులోంచి కొత్త అప్‌డేటు పంపుతా. వీడియో ఎక్కడికీ పోదు. వైరు మాత్రం కదలకూడదు. గవరయ్యా, ఈ రెండు బటన్లూ నొక్కి పట్టుకో, నేను చెప్పేదాకా వదలకు. ఏది అడిగినా అవుననండి" అన్నాడు. ఇంతలో వీధిలో అతని బండి అడ్డమని ఎవరో కేకేస్తే బయటికి పోయాడు.

ఇంకేముంది. వైరు కదలకూడదు కదా, పైడమ్మ రుబ్బురోలు పొత్రం తెచ్చి దానిమీద పెట్టింది. బల్ల కిర్రుమంది. బల్ల విరిగితే వైరు కదులుతుంది కదా, సూరప్పడు కిందికి దూరి వీపుతో మోశాడు. గవరయ్య వేళ్ళు తిమ్మిరెక్కాయి.

"వదినా, ముక్కు దురద."

"ఓర్చుకో మరిదీ. గోకమని మస్తాను చెప్పలేదు."

అప్పుడే పక్కింటి బంగారయ్య వచ్చాడు. "చెల్లెమ్మా, జల్లెడ తీసుకుపోనా?"

"అవును."

"దూడని కూడానా?" అన్నాడు వేళాకోళంగా.

"అవును" అన్నాడు బల్లకింద సూరప్పడు.

బంగారయ్య గొంతు సవరించుకున్నాడు. "మరి... ఆ గానుగ?"

గవరయ్యకి కావలసింది అదొక్కటే. అయినా మాట మాటే. కళ్ళనీళ్ళతో "అవును" అన్నాడు.

బంగారయ్య బండి కట్టి జల్లెడా, దూడా, గానుగా ఎక్కించుకుపోయాడు. మస్తాను తిరిగొచ్చి సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "తెర మీద అడిగితే అవుననమన్నానయ్యా. చాలు, ఇకమీదట ఎవరేం అడిగినా వద్దనండి. నువ్వు బటన్లు వదులు."

పొత్రం దింపించి, అప్‌డేటు పంపాడు. కాసేపటికి ఫోను లేచింది. మస్తాను పరుగున వెళ్ళి బంగారయ్యని కసిరి వెనక్కి లాక్కొచ్చాడు. బంగారయ్య గుమ్మంలో నిలబడి, "తప్పయిపోయింది. అన్నీ తిరిగి తెచ్చెయ్యనా?" అన్నాడు.

"వద్దు" అన్నారు ముగ్గురూ.

మస్తాను మళ్ళీ నెత్తి కొట్టుకుని, ఫోనులో వీడియో నొక్కాడు. తెర మీద నాన్న దగ్గి మొదలుపెట్టాడు. "ఇల్లు పెద్దోడికి. పాడిగేదె కోడలికి. గానుగ నా చిన్నోడికి. ఏరా గవరా, తీసుకుంటావా?"

గవరయ్య తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. నాన్న తనని మరిచిపోలేదు. అది చాలు.

"వద్దు నాన్నా" అన్నాడు.

మస్తాను వైరు చుట్టుకుంటూ నీరసంగా అడిగాడు. "పోనీ, నా కంప్యూటరన్నా నేను తీసుకుపోనా?"

"వద్దు."

అలా ఇల్లు సూరప్పడికి, పాడిగేదె పైడమ్మకి వచ్చాయి. గానుగా, దూడా, జల్లెడా బంగారయ్యకి పోయాయి. కంప్యూటరు మీద పైడమ్మ అప్పడాలు ఆరబెట్టుకుంటోంది. మస్తానుకి వైరు మిగిలింది. గవరయ్యకి ఏమీ రాలేదు.