ఆ పేరుగలవాడు ఇక్కడ లేడు

తాజిక్ అన్న మాట చెవిన పడితే మెహ్రాన్‌కి ఒళ్లు మండేది.

బల్ఖ్ నగరానికి ఎగువన, కొండదారి పక్కన, షేక్ ఇద్రీస్ అనే సూఫీ గురువు మఠం ఉండేది. రాతిగోడలు, మట్టికప్పు, నడుమ ఒక పొయ్యి, అంతే. మెహ్రాన్ ఆయన దగ్గర చేరి చాలాకాలమైంది. ఈలోగా నిద్ర తగ్గింది, తిండి యావ తగ్గింది, కోపమూ చాలావరకు తగ్గింది. ఇదొక్కటే తగ్గలేదు. వసంతం వచ్చిందంటే తుర్కులు గుడారాలు మూటగట్టుకుని, గొర్రెల మందలు తోలుకుంటూ కొండెక్కేవాళ్లు. మఠం దగ్గరికి రాగానే, గుర్రం దిగే ఓపిక కూడా లేనట్టు, ఒకటే కేక.

"ఒరే తాజిక్! నీళ్లు తోడరా!"

పారశీకం మాట్లాడేవాళ్లందరికీ వాళ్లు పెట్టిన పేరు అది. పెట్టేవాళ్లకేం పోయింది, నోటికొచ్చింది పెడతారు. కానీ మెహ్రాన్ ఇంట్లో ఆ మాటకి వేరే చరిత్ర ఉంది. ఎప్పుడో ముత్తాతల నాడు అరబ్బులు కత్తులు పట్టుకుని వచ్చి వాళ్ల ఊరు తగలబెట్టారు. అరబ్బుల్లో తయ్ అని ఒక తెగ. ఆ ఒక్క తెగ పేరు పారశీకుల నోళ్లలో నలిగి నలిగి తాజిక్ అయింది, అరబ్బులందరికీ అంటుకుంది. పిల్లలు నిద్రపోకపోతే మెహ్రాన్ అమ్మమ్మ "అదుగో, తాజిక్ వస్తున్నాడు" అనేది. పిల్లలు దుప్పటి ముసుగు పెట్టేవాళ్లు. ఇప్పుడు ఉత్తరాన్నుంచి తుర్కులొచ్చి ఆ బూచాడి పేరే తీసుకుని ఆ ఇంటి పిల్లవాడికి తగిలించారు.

పేర్ల బతుకే అంత. ఫ్రాంకులని పడమట ఎక్కడో ఒక జాతి ఉంటే, అరబ్బుల నోట ఆ మాట పడమటివాళ్లందరికీ పేరైపోయింది. అక్కడితో ఊరుకుందా? ఓడలెక్కి, ఒంటెలెక్కి, చివరికి మన ఊళ్లకొచ్చి పరంగివాడై కూర్చుంది. ఆ పేరు మోసినవాళ్లలో చాలామంది ఫ్రాంకు మొహం చూసి ఎరగరు.

ఒక మధ్యాహ్నం మెహ్రాన్ ఉండబట్టలేక గురువు ఎదుట కూర్చున్నాడు. షేక్ పప్పులో రాళ్లు ఏరుతున్నాడు. చూపు బాగా మందగించింది. ఏది రాయో ఏది పప్పో వేళ్లతోనే తెలుసుకుంటున్నాడు.

"హజ్రత్, అరబ్బులు మమ్మల్ని అజమ్ అన్నారు. నోరు తిరగనివాళ్లమని. సరే, పడ్డాం. ఇప్పుడు వీళ్లొచ్చి మా శత్రువు పేరుతోనే మమ్మల్ని పిలుస్తున్నారు. ఇక నావల్ల కాదు. ఆ పేరుతో ఎవరు పిలిచినా పలకనని ఒట్టు పెట్టుకున్నాను."

"ఊఁ."

"మీకు మాత్రం కోపం రాదా? ఈ దేశంలో అందరూ మిమ్మల్ని హిందీ అంటారు, సింధు అవతలివాడని."

షేక్ ఒక రాయి తీసి పక్కన పెట్టాడు. "మాది సింధు ఒడ్డు. మా ఊళ్లో ఆ మాట ఎవరైనా అనగా నేను వినలేదు. గజ్నీ కోట వాకిట్లో ఒకాయన 'ఏయ్ హిందీ' అని అరిచాడు. ఎవర్నా అని నేనూ వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. నన్నే కాబోలు అనుకుని వెళ్లాను. రొట్టె పెట్టాడు."

మెహ్రాన్‌కి నవ్వు రాలేదు. రొట్టెముక్క కోసం పేరు పోగొట్టుకుంటారా అనిపించింది.

అలా కూర్చుని ఉండగానే లోయలోంచి పొగమంచు లేచింది. ముందు మేకల దొడ్డి మాయమైంది. తర్వాత బావి, ఆ తర్వాత వాకిలి. కాసేపటికి గుమ్మం అవతల లోకమే లేదు. పట్టపగలే కలలోకి జారినట్టుంది. ఎక్కడో ఒక గొర్రె మెడగంట మోగుతోంది. అది కుడివైపో ఎడమవైపో, ఇప్పుడు మోగుతోందో చిన్నప్పుడెప్పుడో విన్నదో, మెహ్రాన్‌కి తెలియలేదు. వింటూ ఉంటే కళ్లు వాటంతటవే మూతపడ్డాయి.

"తాజిక్... ఓ తాజిక్..."

మెహ్రాన్ కళ్లు తెరిచాడు. ఆడగొంతు. కింద లోయవైపు నుంచి. మందలోంచి తప్పిపోయిన తుర్కు మనిషెవరో. అక్కణ్ణించి మఠానికి వచ్చే దారి మూరెడు వెడల్పు. ఒకపక్క కొండ, ఇంకోపక్క ఏమీ లేదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. లేవబోయాడు కూడా. అంతలో ఒట్టు గుర్తొచ్చింది.

షేక్ చేతులు ఆగిపోయాయి. శిష్యుడివైపు తల తిప్పాడు.

"ఆ పేరుగలవాడు ఇక్కడ లేడు హజ్రత్," అన్నాడు మెహ్రాన్. అన్నాక తన గొంతు తనకే పరాయిగా వినబడింది.

షేక్ పళ్లెం కింద పెట్టి లేచాడు. "వస్తున్నానమ్మా!" అని తుర్కీలో ఒక కేక వేసి, గోడ తడుముకుంటూ గుమ్మం దాటాడు. మెహ్రాన్ "ఆగండి" అనేలోపే ఆయన తెల్లటి అంగీ ఆ తెల్లదనంలో కలిసిపోయింది.

నీళ్లు తెచ్చేది మెహ్రాన్, కట్టెలు తెచ్చేది మెహ్రాన్. ఆ దారి మలుపులు పెద్దాయనకి చూపున్న రోజుల్లోనే సరిగ్గా తెలియవు.

మెహ్రాన్ పరుగెత్తాడు. నాలుగడుగులు వేసేసరికి తన పాదాలు తనకే కనిపించలేదు. ఆగిపోయాడు. "హజ్రత్!" అని అరిచాడు. కొండ ఆ మాటనే తిరిగిచ్చింది. మళ్లీ అరిచాడు. జవాబు లేదు. కన్నతండ్రి పోయిననాడు కూడా అతనికి అంత భయం వెయ్యలేదు. నా పంతమే ఆయన్ని పొట్టన పెట్టుకుంది అనుకున్నాడు. వెనక్కి తడుముకుంటూ వచ్చి మఠం గోడకి చేరగిలబడ్డాడు. చుట్టూ పొగమంచు మెల్లగా కదులుతోంది. అందులో మొహాలు ఏర్పడుతున్నాయి, చెదిరిపోతున్నాయి. ఏదీ గురువు మొహం కాదు.

అప్పుడు ఆ తెల్లదనం లోపలినుంచి ఒక పిలుపు వచ్చింది.

"తాజిక్! ఓ తాజిక్! ఎక్కడున్నావు?"

అది ఆడగొంతు కాదు. గురువుది.

ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. అబద్ధమెందుకు, ఒక్క క్షణం అప్పుడు కూడా మెహ్రాన్‌కి నోరు పెగల్లేదు. వెనకాలే ఆడగొంతూ కలిసింది. ఇద్దరూ ఒకే మాట పట్టుకుని పిలుస్తున్నారు. ఒక గొంతు ముసలిది, ఒకటి వణుకుతోంది.

"ఇక్కడ!" అని అరిచాడు మెహ్రాన్. "ఇక్కడున్నాను! తాజిక్ ఇక్కడున్నాడు! కొండకి చెయ్యి ఆనించుకుని రండి! ఇటు! ఆ తాజిక్ నేనే, ఇటు రండి!"

గొంతు పూడిపోయేదాకా అరిచాడు. తర్వాత కూడా గాలితో అరిచాడు. ఎంతసేపు అలా అరిచాడో తెలియదు. చివరికి పొగమంచులోంచి ఒక చెయ్యి వచ్చి అతని భుజం తడిమింది. ఆ చెయ్యి వెనక షేక్, షేక్ అంగీ అంచు పట్టుకుని ఒక తుర్కు యువతి, ఆమె రొమ్ముకి కట్టుకున్న గుడ్డలో చంటిపిల్ల.

లోపల పొయ్యి దగ్గర ఆమెని కూర్చోబెట్టారు. పప్పు నీళ్లు కాచి ఇచ్చారు. పిల్ల పాలకి ఏడ్చి, తాగి, నిద్రపోయింది. మెహ్రాన్ గురువు పాదాలు ఒళ్లో పెట్టుకుని తుడుస్తూ, తుడుస్తూ ఏడ్చేశాడు. ఆయన ఏడవనిచ్చాడు.

కాసేపయ్యాక తలెత్తి, "హజ్రత్, నా పేరు మీకు తెలుసు. అయినా అలా ఎందుకు పిలిచారు?" అన్నాడు.

"నాదేముంది నాయనా, ఆ మాట ఈ తల్లి దగ్గర అరువు తెచ్చుకున్నదే. ఆవిడనే అడుగు."

మెహ్రాన్‌కి తుర్కీ అంతంతమాత్రం. ఆమెవైపు తిరిగి, తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "తాజిక్?" అని, అంటే ఏమిటన్నట్టు అరచెయ్యి తిప్పాడు.

ఆమె వింతగా చూసింది. ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు కాస్త నవ్వింది కూడా. తర్వాత వేలు ఎత్తి, గాలికి కదలని రాతిగోడ చూపించింది. పైనున్న కప్పు చూపించింది. మండుతున్న పొయ్యి చూపించింది. ఆఖరున అతన్ని చూపించి, పిల్ల మీద గుడ్డ సర్దుకుంది.

గుడారాలతో తిరిగేవాళ్లకి తాజిక్ అంటే కదలని ఇంట్లో, పొయ్యి దగ్గర ఉండే మనిషి, అంతే. షేక్ మళ్లీ పళ్లెం ముందుకి లాక్కుని రాళ్లు ఏరడం మొదలుపెట్టాడు. బయట ఇంకా తెల్లగానే ఉంది. దూరాన ఎవరివో మాటలు ఉన్నట్టూ లేనట్టూ ఉన్నాయి.

మెహ్రాన్ పొయ్యిలో కట్టె ఎగదోసి లేచాడు. వెళ్లి, ఇంకెవరైనా పిలుస్తారేమోనని గుమ్మంలో నిలబడ్డాడు.