సేనాపతికి తెలియని గండి

అనగనగా అంటే మరీ ఎప్పుడో కాదు, రాజులు ఏనుగులెక్కి తిరిగే రోజుల్లోనే, ప్రోలనాయకుడని ఒక సేనాపతి ఉండేవాడు. ఆయన పని ఒక్కటే, శత్రువుల కోట గోడలకు గండి కొట్టడం. ఎంతటి గోడకైనా మూడే రోజులు. నాలుగో రోజు పొద్దున కూడా గోడ నిలబడి ఉంటే ఆయనకు అన్నం సయించేది కాదు.

యుద్ధాలు అయిపోయాయి. మీసం నెరిసింది. రాజుగారు ఆయన్ని పిలిచి, రాజ్యంలోని చెరువులకూ కాలువలకూ పెద్ద అధికారిని చేశారు. నాయకుడు తలపాగా మార్చాడు గాని తీరు మార్చలేదు. కచేరీలో కూడా కేకేసి హుకుం చేయడమే.

ఆ ఏడు వానలు దంచికొట్టాయి. పెద్దచెరువు కట్టకు గండి పడింది. కట్ట కింద పదకొండు ఊళ్లు. గండి ఇంకో నాలుగు బారలు పెరిగిందంటే ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోతాయి.

"గండేనా? దాని సంగతి నాకు చెప్పాలా?" అంటూ నాయకుడు గుర్రమెక్కాడు.

మొదట గండిలో బండరాళ్లు వేయించాడు. నీళ్లు వాటిని గులకరాళ్లలా దొర్లించుకుపోయాయి. రెండోసారి తుమ్మకంప మోపులు కట్టి వేయించాడు. అవీ పోయాయి, గండి ఇంకో రెండు బారలు పెరిగింది. కొట్టడం తెలుసు గాని పూడ్చడం తెలియదు పాపం.

అక్కడ మట్టి మోసేవాళ్లంతా పాత యుద్ధ ఖైదీలు. ఇరవై ఏళ్ల కిందట నాయకుడు కూల్చిన కోటకు గోడలు కట్టినవాళ్లు. వాళ్ల పెద్ద తిప్పక్క అనే ముసలామె. రెండుసార్లూ చెప్పినంత మోసింది గాని పెదవి విప్పలేదు. ఆమెకు ఉపాయం తెలుసని చూపులోనే తెలిసిపోతోంది. కానీ ఆమె ఊరు కూల్చినవాడు ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

కింద ఊళ్లలో జనం పిల్లల్ని భుజాన వేసుకుని మిద్దెలెక్కుతున్నారు. అది చూసి నాయకుడు గుర్రం దిగాడు. బురదలో నడిచి వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఇది నాకు తెలియదు. నువ్వు చెప్పు," అన్నాడు.

తిప్పక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. "నీ మీద నా కోపం పోలేదు, నాయకా. కానీ అడిగావు. ఇన్నేళ్లలో మమ్మల్ని ఇది చెయ్యమన్నవాళ్లే గాని, ఎలా చెయ్యాలని అడిగినవాళ్లు లేరు," అంది.

ఉరికే నీళ్లకు ఎదురు నిలవకూడదని చెప్పింది. గండిని వదిలేసి, చెరువు లోపలివైపు, నీళ్లు నిదానంగా ఉన్నచోట, నెలవంకలా చుట్టుకట్ట వేయమంది. ఈ మూడోసారి నాయకుడు కేకలు వేయలేదు. తనే తట్ట నెత్తినెత్తుకున్నాడు. మర్నాడు సాయంత్రానికి రెండు కొసల నుంచీ వచ్చిన కట్ట నడుమ కలిసింది. నీళ్లు ఆగాయి. పదకొండు ఊళ్లూ దక్కాయి.

రాజుగారు సంతోషించి సభ చేశారు. కట్ట వేసిన తిప్పక్కా ఆమె మనుషులూ ఒక వారగా నిలబడ్డారు. నాయకుడి కాలికి తొడగడానికి గండపెండేరం తెప్పించారు. నోరు మూసుకుని కాలు చాపితే సరిపోయేది. ఖైదీ దగ్గర నేర్చుకున్నానంటే సభ నవ్వుతుంది, పదవి కూడా ఊడొచ్చు. అయినా నాయకుడు కాలు వెనక్కి తీసుకున్నాడు.

"మహారాజా, నాకు కూల్చడమే వచ్చు. ఊళ్లను నిలబెట్టింది ఈ తల్లి, తిప్పక్క. నేను కూల్చిన కోట మనిషి. నాకేమైనా ఇవ్వదలిస్తే వీళ్లను వాళ్ల ఊరికి పంపించండి," అని, అందరి ముందూ ఆమె కాళ్లకు దండం పెట్టాడు.

కొందరు నవ్వారు కూడా. రాజుగారు నవ్వలేదు. అప్పటికప్పుడే ఖైదీలందరినీ విడిచిపెట్టారు.

ఎప్పుడు బయల్దేరతారని నాయకుడు తిప్పక్కను అడిగాడు. "ఇంకో వాన చూసి పోతాం. కొత్త కట్ట గదా. మట్టి బిగిసిందో లేదో చూడకుండా ఎలా పోతాం, నాయనా?"

నాయనా అంది. ఆ ఒక్క మాటకు ప్రోలనాయకుడి కళ్లు నిండాయి. ఎన్ని కోటలు గెలిచినా తనకు ఇంతటి బహుమానం దొరకలేదనుకున్నాడు.

కాబట్టి పిల్లలూ, తెలియనిది అడగడానికి సిగ్గుపడకండి, చెప్పినవాళ్ల పేరు పదిమందిలో చెప్పడానికి అసలే సిగ్గుపడకండి.