గబ్బిలాల కార్తీకం

ఒకానొక రాజ్యంలో, రాజుగారి ఉపవాసాన్ని కూడా దండోరా వేసి చాటే రోజుల్లో, ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. కార్తీకం వచ్చిందంటే ఆయన్ని పట్టలేం. పగలంతా పచ్చి మంచినీళ్ళు ముట్టడు, చుక్క పొడిచాకే భోజనం. దాన్నే నక్తం అంటారు. మంచిదే. కానీ పొద్దస్తమానం సభలో అదే గొప్ప చెప్పుకుంటుంటే వినేవాళ్ళకు నీరసం రాదూ మరి.

ఆ ఏడు దండోరా వేయించాడు. నక్తం ఉన్నవారిని పగటిపూట వారి చోటు నుంచి ఎవరూ కదిలించరాదట.

ఆ నోటితోనే ఇంకో ఆజ్ఞ ఇచ్చాడు. కోట పాతబురుజులో గబ్బిలాలున్నాయి, అశుభం, తెల్లారగానే పొగబెట్టి తరమమన్నాడు. ఈ మాట కోట కింది రైతుల చెవిన పడింది. వరి పాలు పోసుకునే వేళ అది. మసక పడగానే పైరు మీద లేచే పురుగుల్ని తినేది ఆ గబ్బిలాలే. అవి పోతే గింజ దక్కదు. వాళ్ళొచ్చి విదూషకుడు వల్లభయ్యతో మొరపెట్టుకున్నారు. మా వల్లభయ్య ఆ చేలగట్ల మీద పెరిగినవాడేనండోయ్.

సభలో వల్లభయ్య ఆ సంగతి చెప్పబోతే రాజు కొట్టిపారేశాడు. శరత్తు చివర తోటలో ఒక్క పండు లేదు, గబ్బిలాలకు ఇక్కడ తినడానికేముంది, పోతే పోనీ అన్నాడు. వల్లభయ్య మాట మార్చాడు. తమకంటే నిష్ఠగా నక్తం ఉండే కుటుంబం ఒకటి ఈ కోటలోనే ఉందన్నాడు. రాజు మీసం అదిరింది. చూపించకపోతే కొలువు వదిలి పొమ్మన్నాడు.

సందెవేళ వల్లభయ్య రాజును బురుజు దగ్గరకు తీసుకెళ్ళాడు. తొలిచుక్క పొడిచింది. గబ్బిలాలు గుంపుగా లేచి వరిచేల మీదకు సాగాయి.

"వీరే ప్రభూ. పగలంతా తలకిందులుగా తపస్సు. చుక్క పొడిచాకే భోజనం. వీరిని కదిలించరాదని తమరే దండోరా వేయించారు."

రాజు తగ్గలేదు. "నక్తం ఉండేవారు పురుగులు తింటారటయ్యా?"

"వీరు పురుగుల్ని తినకపోతే, ఆ పురుగులు తమరి పళ్ళెంలోకి రావలసిన అన్నం తింటాయి ప్రభూ."

రాజు చేల వైపు చూశాడు. సరే, కార్తీకం వెళ్ళాకే పొగబెట్టిస్తానన్నాడు.

వల్లభయ్య చేతులు కట్టుకున్నాడు. "తమరి నక్తం నెలరోజులే ప్రభూ. వీరికి ఏడాది పొడుగునా కార్తీకమే."

అప్పుడు నవ్వాడు ఉద్దండవర్మ, ఆకలి సంగతి కూడా మరిచి, పొట్ట పట్టుకుని. పొగ మాట రద్దుచేసి, తన భుజం మీది పట్టుశాలువా తీసి వల్లభయ్యకు కప్పాడు. ఆ శాలువాతో వల్లభయ్య చేలగట్ల మీద ఛాతీ విరుచుకుని నడిచాడు. విరుచుకోడూ మరి.

ఆ ఏడు గాదెలు నిండాయి. తర్వాత ఎప్పుడైనా సభలో రాజు తన ఉపవాసం మాట ఎత్తబోతే, వల్లభయ్య తలెత్తి బురుజు వైపు చూసేవాడు, అంతే.