ఇంకోసారి పారిపోయిన నక్క

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో భైరవయ్య అని ఒక రేచుకుక్క, అతని భార్య గంగమ్మ, కూతురు చుక్క ఉండేవారు. తీర్పుకి వస్తానని సింహానికి మాటిచ్చి, తీరా ఆ రోజుకి ముఖం చాటేసేవాళ్ళు ఏ అడవిలోనైనా ఉంటారు కదా. వాళ్ళని వెతికి పట్టుకురావడమే ఈ ఇంటిల్లిపాది పని. తెచ్చినందుకు సింహం తన వేటలో ఒక తొడ ఇచ్చేది.

పని మంచిదే. దాన్ని వేడుక చేసింది మాత్రం ఒక గోరువంక. సాయంత్రమైతే చాలు, కోతులూ జింకలూ ఎలుగులూ కొండవాలు మీద చేరేవి. కింద లోయలో వీళ్ళు ఎవరినో తరుముతుంటే, గోరువంక బండ మీద కూర్చుని ఎవరు ఎక్కడున్నారో గొంతెత్తి చెప్పేది. చుక్క పేరు తెలియని కోతిపిల్ల లేదు.

భైరవయ్యకి మాత్రం విసుగొచ్చేసింది. గోరువంక అడిగినప్పుడల్లా దూకీ దూకీ అతని వెనక కాలు కుంటిదైంది. పొద్దున లేచేటప్పుడు మూలిగేవాడు. చుక్క కాళ్ళైనా బాగుండాలి, అదొక్కటే అతని కోరిక.

ఒకరోజు ఒక ముసలి నక్క వంతు వచ్చింది. వీళ్ళు పొద దగ్గరికి వెళ్ళేసరికి అది తనే బయటికొచ్చింది.

"కాల్లో ముల్లు దిగి రాలేకపోయాను భైరవయ్యా. ఇప్పుడు తగ్గింది. పద, వస్తాను" అంది.

భైరవయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఇవాళ పెందలాడే ఇల్లు చేరొచ్చు అనుకున్నాడు. ఇంతలో గోరువంక రివ్వున వచ్చి వాలింది.

"ఇదేంటన్నా? ఇంత మెత్తగా వచ్చేస్తే కొండవాలు మీద వాళ్ళు ఏం చూస్తారు? ఇదిగో నక్కా, నువ్వు ఒక్కసారి పారిపో. పది అంగలు చాలు."

"తనే వస్తానంటోందిగా, వదిలెయ్యి" అంది గంగమ్మ.

భైరవయ్య నోరు తెరిచాడు. వద్దంటే గోరువంక గంటసేపు సణుగుతుంది. ఆ సణుగుడు వినే ఓపిక లేక, "సరే, కానియ్యి" అన్నాడు. ఆ ఒక్క మాటే పిల్లలూ, వాళ్ళ కొంప ముంచింది.

నక్క పరిగెత్తింది. చుక్క పట్టుకుంది.

"దుమ్ములో ఏమీ కనపడలేదు. ఇంకోసారి" అంది గోరువంక.

నక్క మళ్ళీ పరిగెత్తింది. చుక్క మళ్ళీ పట్టుకుంది.

"బాగుంది. కానీ చుక్కా, వాగు దూకి పట్టుకుంటే ఇంకా బాగుంటుంది. ఇంకోసారి."

"అక్కడ రాళ్ళున్నాయి" అన్నాడు భైరవయ్య.

"ఏం కాదులే నాన్నా. అందరూ చూస్తున్నారు" అంది చుక్క.

మూడోసారి నక్క వాగు దాటింది. వెనకే చుక్క ఎగిరి దూకింది. నాచు పట్టిన బండ మీద జారి, రెండు రాళ్ళ మధ్య ముందు కాలు ఇరుక్కుని విరిగింది. చుక్క పెట్టిన అరుపు కొండవాలు దాకా వినిపించింది.

కొండవాలంతా ఈలలు. ఇదీ వేడుకలో భాగమే అనుకున్నారు వాళ్ళు. పాపం, రోజూ వాళ్ళకి చూపించింది అదేగా.

"ఏడుపు ఎంత బాగా వచ్చిందో" అంది గోరువంక. "ఇటు తిరిగి ఇంకోసారి ఏడు తల్లీ. ఈ పక్క వాళ్ళకి కనపడలేదు."

భైరవయ్య దాని వైపు చూశాడు. తిట్టడానికి కూడా ఓపిక లేదు. కుంటుకుంటూ నీళ్ళలోకి దిగాడు. నక్క అవతలి ఒడ్డున నిలబడిపోయింది. పారిపోవడానికి అంత మంచి అదను మళ్ళీ దొరకదు. అయినా అది వెనక్కి వచ్చి, రాయికి భుజం ఆనించి నెట్టింది.

"ముందే వస్తానన్నాను కదా భైరవయ్యా" అంది మెల్లగా.

"అన్నావు. నేనే కాదనలేకపోయాను ఆ పిట్టని" అన్నాడు భైరవయ్య.

గంగమ్మ ఒక పక్క, నక్క ఒక పక్క ఆసరా ఇస్తే చుక్క మూడు కాళ్ళ మీద ఇల్లు చేరింది. మర్నాడు నక్క తనంతట తానే సింహం దగ్గరికి వెళ్ళింది. ఆ సాయంత్రం లోయలో ఎవరూ కనపడకపోయేసరికి, కొండవాలు మీద వాళ్ళు కాసేపు గోల చేసి ఇళ్ళకి పోయారు.

చుక్క కాలు అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఇప్పుడు పొద్దున లేచేటప్పుడు ఆ ఇంట్లో మూలుగులు రెండు వినిపిస్తాయి.

నీతి: వద్దనాల్సిన చోట విసుగుతో సరే అంటే, ఆ బరువు మనవాళ్ళ మీద పడుతుంది.